నెత్తిన చల్లుకునే నీళ్ళు

పాదపూజ మాట వచ్చేసరికి గంగాధర్ టీ గ్లాసు పక్కన పెట్టి గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించి బేరం చెప్పేవాడి సరుకును వెలుతుర్లోకి తెచ్చి చూసుకోవాలని పెద్దిరాజుకి వ్యాపారం ఎప్పుడో నేర్పింది.

అంబాజీపేటలో పెద్దిరాజు కొబ్బరి కొట్టు అది. రేకుల షెడ్డులో నడుమెత్తు కాయల రాశి. ఆ పక్కన నేలలో పాతిన గునపాల మీద మనుషులు కాయలు ఒలుస్తున్నారు. కాయను గునపానికి గుచ్చి, ఒక్క మెలి తిప్పి, డొక్క ఊడదీసి వెనక్కి విసురుతున్నారు. ఆ చప్పుళ్ళ మధ్య మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం కమిటీ కూర్చుంది. కమిటీ అంటే ముగ్గురే. లారీల గంగాధర్, ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తున్న సాయిదుర్గ, పెద్దిరాజు. పెద్దిరాజు కాయలు ఉత్తరాదికి పోయేది గంగాధర్ లారీల మీదే.

"తెలుగు పంతులుగారికి చేస్తాం. సరోజిని టీచరు గారికి చేస్తాం. వాళ్ళతో ఇబ్బంది లేదు. బెంజమిన్ మాస్టారి దగ్గరే వచ్చింది," అన్నాడు గంగాధర్.

"ఏం, మాస్టారికేమైంది?" అన్నాడు పెద్దిరాజు.

"ఏమీ కాలేదురా. ఆయన క్రైస్తవులు కదా. పసుపు నీళ్ళు, పువ్వులు, కాళ్ళు కడగడం ఇలాంటివి వాళ్ళకి పడవు. పిలిచి ఇబ్బంది పెట్టినట్టవుతుంది. మంచి శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చేద్దాం. గౌరవానికి గౌరవం."

సాయిదుర్గ ఒళ్ళో ఉన్న చీరల శాంపిళ్ళు సర్దుతూ తలెత్తింది. ఆడవాళ్ళందరికీ ఒకే రంగు చీర అని నిర్ణయించింది ఆవిడే.

"పోనీ గంగాధర్ గారూ, పసుపూ పువ్వులూ లేకుండా మామూలు నీళ్ళతో కడుగుదాం. దానికేం అభ్యంతరం ఉంటుంది?"

గంగాధర్ ఓపిక అక్కడితో అయిపోయింది.

"నీళ్ళు ఏవైతేనేమమ్మా? కడిగేక ఆ నీళ్ళు అందరం నెత్తిన చల్లుకోవాలి కదా! మా అమ్మ ముందు వరసలో కూచుంటుంది. మా ఆవిడుంటుంది. వీడియో తీయిస్తున్నాం. ఆయన పేట మనిషని తెలియనిదెవరికి? రేపు నలుగురూ నాలుగు రకాలుగా అనుకోరా?"

గునపాల దగ్గర ఒకడు ఒలవడం ఆపాడు. వాడూ ఊరవతలి దళితుల పేట వాడే. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కాయ అందుకున్నాడు.

మంచి కాయల బస్తాలో చెయ్యి పెడితే కుళ్ళిన కాయలోకి వేళ్ళు దిగినప్పుడు ఎలా ఉంటుందో పెద్దిరాజుకి తెలుసు. నీళ్ళతో కడుక్కున్నా ఆ వాసన సాయంత్రం దాకా పోదు. గంగాధర్ మొహం చూస్తే ఆ వాసనే వచ్చింది. ఆ నోటితోనే ఇందాక గురుభక్తి గురించి ఫ్లెక్సీ మీద ఏం రాయించాలో చెప్పాడు.

సాయిదుర్గ చీరల శాంపిళ్ళలోకి తలదించుకుంది. ఆకుపచ్చ బాగుంటుందా, వంకాయ రంగు బాగుంటుందా అని ఎవరినీ అడగకుండా అడిగింది.

"నువ్వెళ్ళరా," అన్నాడు గంగాధర్ పెద్దిరాజుతో. "నువ్వంటే మాస్టారికి అభిమానం. ఆయన నోటితోనే వద్దనిపించుకురా. రేపెవరైనా అడిగితే, ఆయనే వద్దన్నారని చెప్పొచ్చు. ఎవరి మనసూ నొచ్చుకోదు."

పెద్దిరాజు రాశి వైపు చూశాడు. ఎల్లుండికి ఒక లోడు వెళ్ళాలి, సోమవారానికి ఇంకొకటి. కాయ ఆగే సరుకు కాదు, మొలకెత్తుతుంది. లారీ ఆలస్యమైన ప్రతి పూటా తరుగే. ఈ లెక్కంతా ఊపిరి తీసి వదిలేలోపు అయిపోయింది.

"ఆయ్," అన్నాడు.

ఈ కోనసీమలో సరేనండీ అన్నట్టు అనే ఆ మాటకి బరువుండదు. రోజులో ఎన్నిసార్లు అంటారో ఎవరూ చూసుకోరు. కానీ ఆ పూట ఆ మాట అన్నాక పెద్దిరాజు నోరంతా వెగటుగా అయింది. లేచి వెళ్ళి కుళాయి దగ్గర పుక్కిలించి ఉమ్మాడు.

మర్నాడు పొద్దున్న అమలాపురం శివార్లలో బెంజమిన్ మాస్టారి ఇంటికి వెళ్ళాడు. వసారా గోడకి నల్లరంగు వేసి బోర్డు చేశారు. సగం మీద సాయంత్రం వచ్చే పిల్లల భిన్నాల లెక్కలు. మిగతా సగం మీద పెద్ద పెద్ద అక్షరాలు, అ నుంచి మొదలుపెట్టి, కొన్ని వంకరగా, కొన్ని సగంలో ఆగిపోయి. ఆ వంకర అక్షరాలు ఎడమ చేత్తో రాసింది ఆయన భార్య సువర్ణగారు. ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. ఊళ్ళో సగం మంది పిల్లలకి టీకాలు వేసిన చెయ్యి పక్షవాతంతో పడిపోయింది. మాటా పోయింది.

పెద్దిరాజు వెళ్ళేసరికి మాస్టారు ఆవిడ చేత కసరత్తు చేయిస్తున్నారు. దూలానికి నూతి గిలక ఒకటి బిగించి, దాని మీంచి కొబ్బరి తాడు వేశారు. తాడు ఒక కొస ఆవిడ కుడి మణికట్టుకి మెత్తటి గుడ్డతో కట్టి ఉంది. రెండో కొస ఎడమ చేతిలో ఉంది. ఎడమ చేత్తో కిందికి లాగితే చచ్చుబడ్డ కుడిచెయ్యి నెమ్మదిగా పైకి లేస్తోంది.

"ఇంకా పైకి. నిన్న ఈ ఇటిక దాకా వచ్చింది. ఇవాళ పై ఇటిక ముట్టాలి. బాగుంది. దించు. మెల్లగా, వదిలెయ్యకు," అంటున్నారు మాస్టారు. క్లాసులో వెనక బెంచీ వాళ్ళని లెక్క చేయించిన గొంతే అది. అరుపు లేదు, తొందర లేదు, వదిలిపెట్టడం అంతకన్నా లేదు.

సువర్ణగారి జడ వంకరగా ఉంది. పాయలు ఒకటి లావు, ఒకటి సన్నం. అల్లినవారెవరో చూస్తూనే తెలుస్తోంది. దాని చివర రిబ్బను మాత్రం కొలిచినట్టు ముడి వేసి ఉంది.

"రావోయ్ పెద్దిరాజూ! ఇవాళ మార్కెట్టుకి వెళ్ళలేదా? కూర్చో. టీ పెడతాను."

"మీరెందుకండీ, వద్దండి."

"నేను కాక ఎవరు పెడతారు? నా టీ తాగలేననా? మొదట్లో సువర్ణ కూడా తాగలేకపోయింది. ఇప్పుడు అలవాటైపోయింది పాపం. అవునా?"

సువర్ణగారు మూతి ఒక పక్కకి వంచి నవ్వారు.

టీ వచ్చింది. పంచదార ఎక్కువైంది. పెద్దిరాజు సగం తాగి, చెప్పవలసిన మాట దారిలో ఎలా పేర్చుకున్నాడో అలాగే అప్పజెప్పాడు. శనివారం ఫంక్షను. పంతులుగారికీ సరోజిని టీచరుగారికీ పాదపూజ. మాస్టారి మతానికి అది పడదు కాబట్టి ఇబ్బంది పెట్టకూడదని అందరి ఉద్దేశం.

"ఎవరు చెప్పేరు పడదని?" అన్నారు మాస్టారు. ఆ అడగడంలో కోపం లేదు. తప్పు చేసిన కుర్రాణ్ణి ఈ మెట్టు ఎలా వచ్చిందని అడిగినట్టు అడిగారు.

"అంటే... పడదేమోనని..."

"ఈస్టరు ముందొచ్చే గురువారం నాడు మా పాస్టరుగారు ఒంగి మా అందరి కాళ్ళూ కడుగుతారు నాయనా. ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగేరని. మొన్నటేడు సువర్ణ దిగలేకపోతే ఆయనే కుర్చీ దగ్గరికొచ్చి, కింద కూర్చుని కడిగి, తుండుతో తుడిచేరు. మీ ఊరి చర్చిలోనూ చేస్తారు. నువ్వు రోజూ దాని ముందు నుంచే కదా కొట్టుకెళ్ళేది."

పెద్దిరాజుకి టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పుట్టినప్పటి నుంచి ఆ చర్చి ముందు నుంచి తిరుగుతున్నాడు. దాని గోడ నీడలో బండి ఆపుకున్నాడు. లోపల ఏం చేస్తారో ఒక్కనాడూ అడగలేదు. గంగాధర్ అడగలేదు. సాయిదుర్గా అడగలేదు. అడగకుండానే ఆ మనుషులకి ఏది పడుతుందో ఏది పడదో అందరికీ తెలిసిపోయింది.

"వద్దని నేను చెప్పాలా?" అన్నారు మాస్టారు.

పెద్దిరాజు నేల చూశాడు.

"గంగాధరం లారీలే కదూ నీ కాయలకి?"

"ఆయ్."

"అయితే చెప్పుకో. మాస్టారే వద్దన్నారని చెప్పు. నా పేరు మీదే చెప్పు, ఫర్వాలేదు. నేను వచ్చి కూర్చుంటాను. మీ అందర్నీ చూడాలని నాకూ ఉంది. మధ్యాహ్నం సువర్ణ పాఠం వేళకి మాత్రం నన్ను ఇంటికి పంపించెయ్యాలి, ఒక్కతే ఉంటుంది."

అంతే. బేరం లేదు, బెట్టు లేదు. అడిగిన అబద్ధాన్ని గంపకెత్తినట్టు ఎత్తేశారు. ఏ బేరంలోనూ అడిగినదంతా ఇచ్చేసినవాణ్ణి పెద్దిరాజు నమ్మలేదు. అలాంటి సరుకులో ఎక్కడో మోసం ఉంటుంది. ఇక్కడ మోసం కొనేవాడిలో ఉంది.

సువర్ణగారు అతన్ని రెప్పవెయ్యకుండా చూస్తున్నారు. మాట పోయింది గాని వినికిడి పోలేదు.

ఆ సాయంత్రమే గంగాధర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పోస్టు పెట్టాడు. 'మన పూజ్య గురువులు బెంజమిన్ మాస్టారి విశ్వాసాలను గౌరవిస్తూ, వారి కోరిక మేరకు వారికి పాదపూజ కార్యక్రమం ఉండదు. అన్ని మతాలనూ గౌరవించడమే మన బ్యాచ్ సంస్కారం.' కింద దండాలు వర్షంలా కురిశాయి. హైదరాబాదు వాడొకడు, 'గ్రేట్ గంగాధర్, నీలాంటివాళ్ళు ఉండబట్టే' అన్నాడు. పేట నుంచి చదువుకున్న ముగ్గురు కూడా ఆ గ్రూపులో ఉన్నారు. వాళ్ళు ఏమీ పెట్టలేదు.

పెద్దిరాజు ఫోను బోర్లించి మంచం మీద పడేశాడు. దాని వెనక వైపు చూసినా రోతగా ఉంది.

"ఏంటి, అన్నం దగ్గర కూడా మొహం అలా పెట్టేరు?" అంది అతని భార్య చిట్టి. జరిగింది చెప్పాడు. చెబుతున్నప్పుడు తన పాత్ర కొంచెం కురచ చేసి చెప్పాడు. చిట్టి అతనితో కాపురం చేస్తున్న మనిషి, ఎక్కడ కురచయిందో అక్కడే వేలు పెట్టింది.

"నెత్తిన చల్లుకోడానికి రోతొచ్చిందా గంగాధర్ గారికి? మరి మాస్టారు చెప్పిన లెక్కలు ఎక్కడ పెట్టుకున్నారంట, కాళ్ళ కిందా? సరే, ఆయన వెళ్ళమన్నారు. మీరెందుకెళ్ళేరు?"

"లారీలు వాడివి కదే."

"లారీలు ఆయనొక్కడికేనా ఉన్నాయి? రావులపాలెం వెళ్తే రోడ్డు దాటడానికి లారీలు అడ్డం."

"అవి అరటి లోడ్లకి. సీజన్లో మనకి బండి పెట్టేవాడెవడు? పెట్టినా కిరాయి..."

"ఆ లెక్కలు బాగానే వచ్చు," అంది చిట్టి పచ్చడి గిన్నె ముందుకు తోసి. "తినండి."

పెద్దిరాజు తినలేకపోయాడు. చిట్టి మీద కోపం వచ్చింది. ఆ కోపం నిలబడే కోపం కాదని అతనికే తెలుసు.

శనివారం ఫంక్షన్ హాలు బయట కట్టిన ఫ్లెక్సీలో గంగాధర్ బొమ్మ ముగ్గురు గురువుల బొమ్మలూ కలిపినంత ఉంది. మగవాళ్ళందరికీ ఒకే రకం చొక్కాలు, ఆడవాళ్ళందరికీ వంకాయ రంగు చీరలు. లోపల ఇడ్లీ, ఉప్మా, ఫొటోలు, పాత మారుపేర్లతో పిలుచుకోవడాలు. స్టేజి మీద పెళ్ళికొడుకులు కూర్చునే ఎర్ర మఖమలు కుర్చీలు మూడు. తెలుగు పంతులు సత్యనారాయణమూర్తిగారు, సరోజిని టీచరుగారు, బెంజమిన్ మాస్టారు. మాస్టారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, కుర్చీ మరీ మెత్తగా ఉండడం వల్ల కాబోలు ముందుకి జరిగి కూర్చున్నారు. వచ్చిన ప్రతివాణ్ణీ పేరు పెట్టి పిలిచి, ఇంటిదాన్నీ పిల్లల్నీ అడుగుతున్నారు. ఏ ఒక్కరి పేరూ తప్పు పోలేదు.

ముందు పంతులుగారికి. గంగాధర్, వాళ్ళావిడ పెద్ద ఇత్తడి తాంబాళం పెట్టి, చెంబుతో పసుపు నీళ్ళు పోసి, ఆయన పాదాలు కడిగారు. పువ్వులు వేశారు. డ్రోను కెమెరా తల మీద ఈగలా తిరిగింది. తర్వాత సరోజిని టీచరుగారికి సాయిదుర్గ కడిగింది. ఆ నీళ్ళని గిన్నెలోకి తీసి వరస వరసకీ తిప్పారు. అందరూ వేళ్ళు ముంచి నెత్తిన చల్లుకున్నారు. గంగాధర్ తల్లి ఒకసారి చాలదని రెండోసారి కూడా చల్లుకుంది. కొంతమంది కళ్ళు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. పెద్దిరాజుకి ఎక్కువ రోత పుట్టించింది అదే. అవి దొంగ కన్నీళ్ళయితే చూసి నవ్వుకుని ఊరుకునేవాడు.

గంగాధర్ మైకందుకున్నాడు.

"మన బెంజమిన్ మాస్టారు! ఆయన మతంలో పాదపూజలు ఒప్పుకోరు. 'వద్దు నాయనా, నాకిలాంటివి పడవు' అని మాస్టారే స్వయంగా మన పెద్దిరాజుతో చెప్పి పంపించేరు. వారి నియమాన్ని మనం గౌరవిద్దాం. శాలువాతో సత్కరిద్దాం!"

చప్పట్లు. పంతులుగారు పక్కకి వంగి, "ఎవరి ఆచారం వారిది. మీరు మంచి నిష్ఠాపరులండీ," అన్నారు మెచ్చుకోలుగా.

మాస్టారు కింద కూర్చున్న పెద్దిరాజు వైపు చూశారు. ఒక్క చూపు. అందులో నింద ఉన్నా బాగుండేది. 'ఇలాగే చెప్పమన్నావు కదా, సరిపోయిందా' అన్నట్టుంది.

పెద్దిరాజు ఎప్పుడు లేచాడో, మెట్లెలా ఎక్కాడో చూసుకోలేదు. స్టేజి వెనక బల్ల మీద వాడని తాంబాళం ఒకటి ఉంది. బిందెలోంచి చెంబు ముంచాడు. తాంబాళం పట్టుకుని గంగాధర్ పక్క నుంచి వచ్చి మాస్టారి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గంగాధర్ మైకు పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. హాల్లో మాటలు ఆగాయి. పెద్దిరాజులో భయమూ ఉంది, గర్వమూ ఉంది. ఈ ఒక్క పనితో చెల్లయిపోతుంది అనుకున్నాడు. మాస్టారి చెప్పు తియ్యడానికి చెయ్యి చాపాడు.

మాస్టారు పాదాలు వెనక్కి తీసుకున్నారు.

"వద్దు పెద్దిరాజూ," అన్నారు, అతనికొక్కడికే వినిపించేలా. "నా కాళ్ళు శుభ్రంగానే ఉన్నాయి."

"మాస్టారూ, ఒక్కసారి..."

"వద్దన్నాను కదా. లే."

ఆ గొంతు తెలిసిన గొంతు. అది విన్నాక ఎవడూ బెంచీ మీద కూర్చుని ఉండలేడు. పెద్దిరాజు లేచాడు. చేతిలో తాంబాళం, చెంబు. చెంబు వొలికి అతని చొక్కా తడిసింది.

గంగాధర్ తేరుకున్నాడు. లారీలు నడిపేవాడికి తేరుకోవడం వచ్చు.

"చూసేరా! శిష్యుడు ప్రేమతో వచ్చినా మాస్టారు తమ నియమం తప్పలేదు! అదండీ నిష్ఠంటే!"

చప్పట్లు మొదటిసారి కన్నా గట్టిగా మోగాయి. ఎవడో ఈల వేశాడు. అబద్ధానికి ఇంతవరకూ సాక్షి లేడు. ఇప్పుడు పెద్దిరాజే ఒక సాక్ష్యం తయారుచేసి, గంగాధర్ చేతిలో పెట్టాడు. అదీ వీడియోతో సహా.

శాలువా కప్పారు. మాట్లాడమన్నారు. మాస్టారు మైకు కొంచెం దూరంగా పట్టుకుని, "మీరంతా బాగున్నారు. చాలా సంతోషం. పిల్లల్ని రోజూ కాసేపు దగ్గర కూర్చోబెట్టుకోండి, ఫోను లేకుండా. నేను వెళ్ళాలి, మా ఇంట్లో నాకొక స్టూడెంటుంది," అన్నారు. అందరూ నవ్వారు. ఆయన శాలువా తీసి అంచులు కలిపి నాలుగు మడతలు వేసి చంకలో పెట్టుకున్నారు. సాయిదుర్గ భోజనం చేసి వెళ్ళమని బతిమాలితే, "నేను లేకపోతే సువర్ణ ముద్ద ముట్టదమ్మా" అన్నారు. ఆటోలో ఎక్కించడానికి వెళ్ళిన పెద్దిరాజుతో, "చొక్కా తడిసింది, మార్చుకో," అన్నారు.

భోజనాలకి అరిటాకులు వేశారు. పులిహోర, పనసపొట్టు కూర, ముద్దపప్పు. పంతులుగారి ఆకు మధ్యలో, ఆ పక్కన గంగాధర్, ఎదురు వరసలో పెద్దిరాజు.

"ఆ బెంజమిన్ ఉన్నాడు చూశారూ, ఉద్యోగంలోనూ అంతే. ఒక పద్ధతి పెట్టుకుంటే ఇక మారడు. నేను అనుకున్నాను, వాళ్ళలో పాదాలు తాకనివ్వరని," అన్నారు పంతులుగారు పప్పులో నెయ్యి వేయించుకుంటూ.

"తాకనివ్వకపోవడం కాదండి," అన్నాడు పెద్దిరాజు.

అతని గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది.

"వాళ్ళ చర్చిలో ఏటా కాళ్ళు కడుగుతారండి. పాస్టరుగారే కడుగుతారు. మాస్టారు వద్దనలేదు. ఆయన కాళ్ళ నీళ్ళు మనం నెత్తిన చల్లుకోవాల్సొస్తుందని మన కమిటీకి రోతొచ్చింది. ఆయన నోటితో వద్దనిపించుకురమ్మని నన్ను పంపేరు. నేనెళ్ళేను. అడిగేను. ఆయన మనకోసం ఆ అబద్ధం ఇచ్చేరు. ఇదండీ జరిగింది."

రెండు వరసల్లోనూ చేతులు ఆకుల మీద ఆగాయి. సాయిదుర్గ పెరుగు బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గంగాధర్ మొహం ఎర్రబడింది. పెద్దిరాజు ఎదురుచూశాడు. ఎవరైనా లేస్తారని, ఎవరైనా తిడతారని, తననైనా సరే, గంగాధర్‌నైనా సరే. ఒక్కరు ఆకు మడిచి లేచినా చాలు.

పంతులుగారు ముద్ద కలుపుకున్నారు.

"పోనిద్దూ పెద్దిరాజూ. భోజనాల దగ్గర ఎందుకవన్నీ? మంచి రోజు."

"మరేనండి," అన్నారెవరో.

"ఆ పనసపొట్టు ఇటు రానియ్యండమ్మా, ఇందాకటి నుంచి అడుగుతున్నాను," అన్నారు ఇంకెవరో.

చేతులు మళ్ళీ కదిలాయి. నమిలే చప్పుడు, జుర్రుకునే చప్పుడు మొదలయ్యాయి. గంగాధర్ పెద్దిరాజు వైపు చూడకుండానే, మామూలు గొంతుతో, "సోమవారం లోడన్నావు కదూ? బండి చూసుకో ఎక్కడైనా," అన్నాడు.

పెద్దిరాజు ఆకు మడిచి లేచాడు. లేచినవాడు అతనొక్కడే.

సోమవారం లారీ రాలేదు. కూలీలు రాశి పక్కన కూర్చుని బీడీలు కాల్చారు. పెద్దిరాజు రావులపాలేనికి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఒకడు రేపన్నాడు, ఒకడు కుదరదన్నాడు, ఒకడు గంగాధర్ పేరు ఎత్తి, మీ ఇద్దరి మధ్య మేమెందుకన్నాడు. నష్టం ఎంతో పెద్దిరాజుకి తెలుసు. ఆ లెక్క చేసుకునే లేచాడు ఆకు ముందు నుంచి. కానీ నష్టం భరించినవాడికి దక్కవలసింది ఒకటుంటుంది కదా, మనసుకి నెమ్మది. అదే రాలేదు. ఎంత వెతికినా ఎక్కడా కనిపించలేదు. వ్యాపారంలో అలాంటిది ఎప్పుడూ చూడలేదతను. కొట్టుకి తాళం వేసి అమలాపురం వెళ్ళాడు.

మాస్టారు వసారాలో సువర్ణగారి కుర్చీ ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. సన్మానపు శాలువా ఆవిడ మోకాళ్ళ మీద కప్పి ఉంది.

"లోడు లేదా ఇవాళ?"

"లేదండి."

"ఊఁ," అన్నారు మాస్టారు. ఎందుకని అడగలేదు.

"మాస్టారూ. మొన్న నన్నెందుకు వద్దన్నారండి?"

మాస్టారు చేతిలో ఉన్న సుద్దముక్కని పీట పక్కన పెట్టారు.

"నువ్వు నాకోసం ఒంగలేదు నాయనా. గంగాధరం మీద కోపంతో ఒంగేవు. కొంచెం నీకోసం ఒంగేవు. అందుకు నా కాళ్ళెందుకు?"

ఆ మాట నిజమేనని పెద్దిరాజుకి తెలుసు.

"భోజనాల దగ్గర అందరికీ చెప్పేవటగా? సాయిదుర్గ ఫోన్ చేసింది. ఏడ్చింది పాపం."

"ఆయ్. చెప్పేనండి." అతని గొంతులో ఆశ అతనికే వినిపించింది. బోర్డు మీద లెక్క చేసి పక్కకి తిరిగి చూసే కుర్రాడి ఆశ.

"లెక్క సరిగ్గానే చేసేవు," అన్నారు మాస్టారు. "పరీక్ష అయిపోయేక."

ఆ మాట కోపంగా అనలేదు. ఎప్పుడూ మార్కులు ఎలా చెప్పేవారో అలాగే, ఒకటి ఎక్కువా కాకుండా, ఒకటి తక్కువా కాకుండా చెప్పారు. తర్వాత పీట మీంచి కొంచెం పక్కకి జరిగి, పెద్దిరాజు ఆవిడకి పూర్తిగా కనిపించేలా చేశారు.

"సువర్ణా, ఎవరొచ్చేరు? చూసి చెప్పు."

సువర్ణగారు పెద్దిరాజు మొహంలోకి చూశారు. పెదవులు కదిలాయి. పైకి ఏమీ రాలేదు. మెడ నరాలు బిగిశాయి, వంకర జడ భుజం మీంచి జారింది, కళ్ళలో మాట ఉంది కాని నోటి దాకా రావడం లేదు. ఆ అవస్థ చూడలేక పెద్దిరాజు, "నేనండి, పె..." అనబోయాడు.

మాస్టారు చెయ్యెత్తి ఆపారు.

"నువ్వు చెప్పకు. నువ్వెవరో ఆవిడే చెప్పాలి. ఎంతసేపైనా ఫర్వాలేదు, మాకు తొందర లేదు."

పెద్దిరాజు నోరు మూసుకున్నాడు. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టారు. తన పేరుగా ఆ నోట ఏ మాట వస్తుందో తెలియక, అతను గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.